తుంగచెరువు నడుమ కూర్చున్న నీడ

వాకిట్లో సాన్పు చల్లి, ముగ్గు గీసి, పొయ్యి మీద ఎసరు పెట్టాక పద్మ రోజూ మట్టి పిసికేది. చెరువు కట్ట లోపలి వైపు నుంచి తెచ్చిన నల్లరేగడి తట్టెడు, దోసెడు తవుడు, రోట్లో నలగ్గొట్టిన పల్లిచెక్క. నీళ్లు ఎక్కువైతే ముద్ద గాలిలోనే విచ్చిపోతుంది. తక్కువైతే నీళ్లలో పడ్డా కరగదు. జొన్నరొట్టె పిండి కంటే జర గట్టిగా, కుండలు చేసే మట్టి కంటే జర మెత్తగా ఉండాలి. ఆ పదును పద్మ చేతికి తప్ప ఎవరికీ రాలేదు. మొగుడు బుచ్చయ్య రెండు మూడుసార్లు తనే పిసికి చూశాడు. చెరువు చేరకముందే ఆ ముద్దలు సంచిలో పొడిపొడి అయ్యాయి.

ముద్ద నడుమ గాలం పెట్టేది. గాలానికి ఉడకబెట్టిన మక్కగింజ, దాని పక్కనే చిటికెనవేలి గోరంత జీలుగు బెండు. పైన మట్టి మూసి బత్తాయంత గుండు చేసి చాటలో ఆరబెట్టేది. నాలుగు గుండ్లయితే ఆ రోజుకు సరి.

ఇన్ని తిప్పలు ఎందుకంటే తుంగచెరువు నిండా నాచు. కోడేరుకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ చెరువు మూడేండ్లు ఎండిపోయి, రెండు వేల ఐదులో వానలు పడి ఒక్కసారే నిండింది. నీళ్ల వెంటే నాచు వచ్చింది. గట్టు నుంచి యాభై బారల దాకా, ఎవరో ఆడమనిషి తలంటుకుని కొప్పు విప్పి నీళ్లలో వదిలినట్టు పరుచుకుంది. వల వేస్తే వల చినిగేది. తెప్ప వేస్తే నాచు పట్టుకుని వదిలేది కాదు. చేపల సంఘం వాళ్లు వదిలిన బంగారుతీగ చేపలు మాత్రం ఆ నాచు అవతల, లోతు నీళ్లలో చంటిపిల్లంత బరువు పెరిగాయి. పొద్దున పూట మూతులు పైకెత్తి, మీసాలు ఆడించి, ఇంత గాలి మింగి మళ్లీ దిగిపోయేవి. గట్టు మీద నిలబడినవాళ్లకు చూడటమే దక్కేది.

అంత దూరం గాలం విసరగలిగింది బుచ్చయ్య ఒక్కడే. జొన్నచేలో పిట్టలను కొట్టే వడిసెలే ఆయన పనిముట్టు. తడిపిన గోనెసంచి మీద దారం చుట్టలు చుట్టలుగా పరిచి, కొసను కాలి బొటనవేలికి కట్టుకునేవాడు. గుండును వడిసెలలో పెట్టి తల మీద మూడుసార్లు తిప్పి వదిలితే దారం సంచి మీద నుంచి పాముపిల్లలా లేచిపోయేది. అంత దూరాన బుడుక్కుమని చప్పుడు. తమలపాకు నమిలినంత సేపట్లో మట్టి కరిగేది. తవుడు వాసన నలుదిక్కులా పోయేది. బెండు గాలాన్ని పైకి లేపి, అడుగున ఉన్న నాచు కొసల మీద నిలబెట్టేది. చేప మింగిందంటే ఇక ఆపకుండా ఒక్క తీరుగా గుంజాలి. చేయి ఆగిందా, చేప నాచులో తల దూర్చి మొండికేస్తుంది.

అరవై బారలు దాటి విసిరితే విసిరినవాడి నీడ కూడా దారంతో పాటు పోయేది. గుండు పడిన చోట నీళ్ల మీద గొంతుకూర్చుని గాలం కాసేది. దారం గుంజితే చేప వెనకాలే వచ్చి మనిషి కాళ్ల దగ్గర పడేది. బుచ్చయ్య తాతకు కూడా గట్లనే పోయేదట. తక్కినవాళ్ల చేతుల్లో అంత బలం లేదు కనుక వాళ్ల నీడలు వాళ్ల దగ్గరే ఉండేవి. ఒకటే ఇబ్బంది. నీడ పోయినంత సేపు ఆ మనిషి మీద వేరే ఏ నీడా నిలవదు. చెట్టు కింద కూర్చున్నా ఎండ తగులుతుంది, గొడుగు పట్టినా తగులుతుంది. అందుకే బుచ్చయ్య తడి తువ్వాల తలకు చుట్టుకుని కూర్చునేవాడు. కట్ట మీద పోయేవాళ్లు ముందు చెరువు నడుమకు చూసి, నల్లగా కూర్చున్న నీడ కనిపిస్తే, ఇయ్యాల బుచ్చయ్య వచ్చిండని అనుకుని, తర్వాత ఆయన్ను పలకరించేవాళ్లు.

ఆయన పట్టిన చేపలను వదినె వరసయ్యే హన్మమ్మ కోడేరు సంతకు మోసేది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఒకరోజు గట్టు మీద గంప దించి చెరువు వైపు చూసింది.

"ఏం మరిదీ, నీడను నీళ్లల్ల కూసోబెట్టి నువ్వు ఈడ బీడి తాగుతున్నవ్. కష్టమంత దానిది, పేరంత నీది."

"నీది గూడ తోలు వదినె. దానికి జోడుంటది."

"నా నీడ దిగితె చెర్వు మత్తడి దుంకుతది. ఊరు మునిగినంక నన్ను తిట్టొద్దు మల్ల," అని హన్మమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని చూపించింది.

గట్టు మీద ఉన్న నలుగురూ నవ్వారు. సద్ది తెచ్చిన పద్మ నవ్వలేదు. బుచ్చయ్య ఎప్పుడు విసిరినా ఒక్క చోటికే విసురుతాడని ఆమెకు తెలుసు. నీళ్లు పొర్లిపోయే మత్తడి రాయికీ, ఎదురు గుట్ట మీది జంట బండలకూ నడుమ గీత గీసినట్టు చూసుకుని మరీ విసురుతాడు. అక్కడ చేప ఉందని ఊరు అనుకునేది. చేప ఉన్నమాట నిజమే. యమున కూడా అక్కడే ఉంది.

చెరువు ఎండిన మూడేండ్లూ ఊరివాళ్లు శిఖంలో పంట వేశారు. శిఖం అంటే చెరువు అడుగు నేల. పద్మ, బుచ్చయ్య నట్టనడుమ ఇంత తడి మిగిలిన చోట జొన్న చల్లారు. వాళ్ల బిడ్డ యమునకు ఐదేండ్లు. వాళ్లు కలుపు తీస్తుంటే పిల్ల నెర్రెల్లో చేయి పెట్టి ఎండిన నత్తగుల్లలు ఏరుకునేది. చెరువంటే నీళ్లుంటయని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఆమె చూసిన చెరువు జొన్నచేనే.

రెండో ఏడు ఎండాకాలం పిల్లకు జ్వరం పట్టింది. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయేసరికి మనిషిలో ఏం మిగల్లేదు. మూడో రోజు బస్సులో తువ్వాల కప్పి ఇంటికి తెచ్చారు. చిన్నపిల్లలను పూడ్చాలి. పూడుద్దామంటే ఊరి చుట్టూ నేల బండబారి ఉంది. గడ్డపార వేస్తే నిప్పులు లేచాయే తప్ప బెత్తెడు మట్టి లేవలేదు. ఒక్క శిఖంలోనే నేల మెత్తగా ఉంది. వాళ్ల చేనే కదా, పిల్ల ఆడుకున్న చోటే కదా అని బుచ్చయ్య అక్కడికే నడిచాడు. చేపల సంఘం పెద్ద లింగయ్య వెంట వచ్చాడు.

"చెర్వుల వెడ్తవార బుచ్చిగా?" అని అడిగాడు.

"ఏడున్నది మామా చెర్వు?"

లింగయ్య చుట్టూ చూశాడు. నెర్రెలు, జొన్న కొయ్యలు, వాటిని కొరుకుతున్న మేకలు. పుట్టినప్పటి నుంచి ఆ చెరువు చేపలు తిని బతికినవాడు, ఆయనకు కూడా చెరువు కనిపించలేదు. తనే గడ్డపార అందుకున్నాడు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. నీళ్లు జొన్న కొయ్యల దాకా వచ్చాయి, కొయ్యలు మునిగాయి, కట్ట నడుం దాకా వచ్చాయి. ఊరంతా డప్పులు కొట్టుకుంటూ పోయి కట్ట మీద కొబ్బరికాయలు కొట్టింది. మూడేండ్లు ఎదురుచూసిన నీళ్లాయె మరి. పద్మ, బుచ్చయ్య తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్నారు. డప్పుల చప్పుడు ఆగేదాకా తలుపు తీయలేదు. ఆ తర్వాత వారానికే బుచ్చయ్య అటుక మీద నుంచి తాతనాటి వడిసెల దించాడు.

మొదట్లో నీడ దారంతో సమానంగా వచ్చేది. రెండో ఏడు నుంచి వెనకబడింది. చేప గట్టుకు వచ్చి కొట్టుకుంటుంటే నీడ ఇంకా పది బారల దూరంలో ఉండేది. బుచ్చయ్య దారం పట్టుకుని ఊరికే నిలబడి దాని కోసం చూసేవాడు. ఇంటికి వచ్చాక కూడా నీడ తడిగానే ఉండేది. అది పడిన చోటంతా నీళ్లు కారితే పద్మ చీపురుతో వాకిట్లోకి ఊడ్చేది. ఒక్కోసారి ఆ నీళ్లలో నత్తగుల్లలు ఉండేవి. వాటిని గిన్నెలో వేసి పెట్టేది. ఆ సంగతి మొగుడితో అనలేదు, మొగుడూ ఆమెతో అనలేదు. బిడ్డ పేరు ఆ ఇంట్లో పలకక అప్పటికి మూడేండ్లు.

రెండు వేల ఏడు ఉగాది దాటిన వారం బుచ్చయ్య ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు. కాళ్ల దగ్గర నీడ లేదు. దారం తెగిందని చెప్పి గడపలో కూర్చున్నాడు.

నీడ అంతకు ముందు కూడా ఆలస్యం చేసింది కనుక ఎవరూ పరేషాన్ కాలేదు. రెండు రోజులు పోతే అదే వస్తుందన్నారు. వారమైంది. ఎండలు ముదిరాయి. ఇంటి కప్పు కింద పడుకున్నా బుచ్చయ్యకు నడివీధిలో పడుకున్నట్టే ఎండ తగిలేది. పెదవులు పగిలాయి. వీపు మీద తోలు పొరలు పొరలుగా లేచింది. తాగిన నీళ్లు తాగినట్టే ఇగిరిపోయేవి. తిమ్మాజిపేట నుంచి వచ్చే సూది మందు డాక్టరు గ్లూకోజ్ సీసా ఎక్కించి, ఎండకు తిరగొద్దని చెప్పాడు. మనిషిని చూసి, నేల మీద చూసి, సీసాలు సర్దుకుని పోయాడు.

లింగయ్య నలుగురిని తీసుకుని తెప్ప మీద దిగాడు. కొడవళ్లతో నాచు కోసుకుంటూ ఇరవై బారలు పోయారు. వెనక్కి తిరిగి చూస్తే కోసిన దారి మూసుకుపోయింది. మూడు రోజులు అదే పని చేసి, ఇక చేతకాక గట్టెక్కారు. నీడ పైకి కనిపిస్తలేదని, అది నాచు కిందికి పోయినట్టుందని లింగయ్య పద్మతో మెల్లగా చెప్పాడు.

ఆ మాట పద్మను పట్టుకుంది. నీడ కిందికి ఎట్ల పోతుంది? గుండు కరిగాక గాలం పైకి లేవాలి కదా. నీడ దాని పక్కనే నీళ్ల మీద కూర్చోవాలి కదా. తన మట్టి పదును ఎక్కడ తప్పిందో ఆమెకు అర్థం కాలేదు. అన్నం సయించక, తప్పు తన చేతిదేనని రెండు రోజులు కుమిలింది.

మూడో రోజు పొయ్యి కడుపులో బూడిద ఎత్తుతుంటే చేతికి గట్టిగా తగిలింది. తీసి తుడిచింది. తను చేసిన గుండే. ఇటుకలా ఎర్రగా కాలి ఉంది. నేల మీద వేస్తే ఠంగుమని దొర్లింది, పగల్లేదు. బూడిదలో ఇంకొకటి కూడా ఉంది. ఇట్లాంటిది నీళ్లలో పడితే ఎన్నేండ్లకూ కరగదు. లోపలి బెండు కాలిపోయాక గాలాన్ని పైకి లేవనివ్వదు. గాలాన్నీ దారాన్నీ దాని వెంట ఉన్న నీడనూ అడుక్కి తీసుకుపోతుంది.

రెంటినీ కొంగులో వేసుకుని పోయి బుచ్చయ్య మంచం మీద పెట్టింది. ఆయన వాటిని చూసి కండ్లు మూసుకున్నాడు.

"నువ్వు కాల్చినవా?"

"ఊఁ."

"ఎందుకయ్యా?"

బుచ్చయ్య కండ్లు తెరిచాడు. పగిలిన పెదవి తడుపుకున్నాడు.

"పైన కూసుంటే కండ్లకు ఆనుతలేదు పద్మా. నాచు అడ్డమొస్తున్నది. జర కిందికి పోతె చెయ్యన్న తగుల్తదని."

"తగిలిందా?"

"తగిలింది."

పద్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. మూడేండ్ల నుంచి అడగని మాట అప్పుడు అడిగింది.

"ఎట్లున్నది?"

"సల్లగున్నది. ఒక్కతే ఉన్నది. నా వేలు పట్టుకున్నది. ఇడిపించుకోబుద్ధి గాలే. దారం నేనే కోసిన."

ఆమె ఏడ్చింది. ఆయనకు ఏడవడానికి ఒంట్లో తడి లేదు. ఏడుపు తీరాక పద్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తనేం గావాలని అడిగింది. బిడ్డ పోయిన ఇంట్లో మొగుడు కూడా పోతే ఎవరి కోసం పొయ్యి ముట్టియ్యాలని అడిగింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే కోపం కూడా రాలేదు. తనకు ముందు తెలిస్తే ఆ గుండ్లను తనే కాల్చి ఇచ్చేదేమో అనిపించింది.

మరునాడు తెల్లవారాక పద్మ కొత్త రేగడి తెచ్చింది. తవుడు, పల్లిచెక్క పక్కన పెట్టింది. నీడకు ఏం ఎర పెట్టాలో ఎవరికీ తెల్వదు. పిల్లకేం పెట్టాలో మాత్రం ఆమెకు తెలుసు. వేడి జొన్నరొట్టెను బెల్లం వేసి నలిపి మలిద చేసింది. ఒక్క చెంచా నెయ్యి కోసం హన్మమ్మ ఇంటికి పోతే, ఎందుకని అడగకుండా హన్మమ్మ గిన్నెతోనే ఇచ్చి వెంట వచ్చింది. మలిదను మట్టిలో కలిపి ఒకే ఒక్క గుండు చేసింది పద్మ. గాలానికి మక్కగింజ గుచ్చలేదు.

గట్టు మీదికి ఆమె వడిసెల పట్టుకుని వస్తుంటే లింగయ్య లేచి నిలబడ్డాడు. వీపనగండ్లలో పుట్టింట్లో ఉన్నప్పుడు పన్నెండేండ్లు మంచె మీద నిలబడి పిట్టలు కొట్టిన చేయి ఆమెది. అయినా ఆయనకు భయమే వేసింది.

"అరవై బారలు దాటితె నీది పోతదమ్మా," అన్నాడు.

"తెలుసు మామా. దారం సరిగ పరువు."

లింగయ్య గోనెసంచి తడిపి దారం పరిచాడు. పద్మ కొంగు నడుముకు చెక్కి, కొసను కాలి బొటనవేలికి కట్టుకుంది. మత్తడి రాయి చూసింది, జంట బండలు చూసింది. వడిసెల మూడుసార్లు తిప్పి వదిలింది. దారం పోతూనే ఉంది. సంచి మీద ఇక రెండు చుట్టలే మిగిలాయనగా దూరాన బుడుక్కుమంది. పద్మ కాళ్ల దగ్గర నేల తెల్లగా అయ్యింది. చెరువు నడుమ ఒక ఆడమనిషి నీడ కుదురుగా కూర్చుంది, సంకలో పిల్లనెత్తుకోవడానికి వంగినట్టుగా కొంచెం పక్కకు వంగి.

మట్టి కరిగేంత సేపు అందరూ ఎదురుచూశారు. కరిగిన మట్టితో మలిద కిందికి దిగి ఉంటుంది. ఇంకాసేపటికి, చూస్తుండగానే, ఆమె నీడ నీళ్లలోకి దిగిపోయింది. గుండు బరువు లేకున్నా తనంతట తనే దిగింది. ఎండ పద్మ నెత్తిన పడుతుంటే హన్మమ్మ కొంగు పట్టింది. కొంగు నీడ ఆమె మీద నిలవలేదు.

దారం మీద పెట్టిన వేలికి మెల్లగా తగిలింది. చేప లాగినట్టు లేదు. పట్టుకున్న చేయిని ఒక్కొక్క వేలుగా ఎవరో విడిపిస్తున్నట్టు ఉంది. అది ఆగాక బరువు తెలిసింది. పద్మ ఆపకుండా ఒక్క తీరుగా గుంజింది. దారం వేలిని కోసింది. ఆమె చేయి ఆగలేదు. నాచు ముద్దలు ముద్దలుగా వచ్చింది. ఆ నాచులో తువ్వాల చుట్టిన తల, సన్నటి మెడ, వంగిన భుజాలు. బుచ్చయ్య నీడ గట్టెక్కి ఆమె కాళ్ల దగ్గర నీళ్లు కారుస్తూ పడింది.

లింగయ్య దారం కొస దాకా చూశాడు. వెనక ఇంకేం రాలేదు.

"నీది రాలేదమ్మా. మల్ల ఏద్దామా?"

"వద్దు మామా," అంది పద్మ. "ఆడ ఒకరు ఉండాలె."

ఆమె ఇంటికి నడుస్తుంటే మొగుడి నీడ ఆమె వెంట నడిచింది. వీధిలో వాళ్లు తొక్కకుండా పక్కకు జరిగి దారి ఇచ్చారు. మంచం దగ్గరికి రాగానే అది ఆమెను వదిలి బుచ్చయ్య కిందికి చేరింది. ఆయన చాలా రోజుల తర్వాత చల్లగా నిద్రపోయాడు. లేచాక నేల మీద చూశాడు, పద్మ కాళ్ల వైపు చూశాడు. ఏం జరిగిందో ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

"నిన్ను గుర్తు పట్టిందా?" అని మాత్రం అడిగాడు.

పద్మ తల ఊపింది.

ఆ తర్వాత వడిసెల మళ్లీ అటుకెక్కింది. ఇద్దరూ ఉపాధి హామీ పనిలో గుట్ట కింద కందకాలు తవ్వడానికి పోయేవాళ్లు. పొద్దు నడినెత్తికి రాగానే కూలీలంతా వేపచెట్టు కిందికి చేరి సద్దులు విప్పేవాళ్లు. ఆ చెట్టు నీడ పద్మ మీద నిలిచేది కాదు. ఊళ్లో ఏ నీడా నిలిచేది కాదు. ఎందుకో బుచ్చయ్య నీడ ఒక్కటి నిలిచేది. ఆయన చెట్టు కింది చోటు వదిలిపెట్టి వచ్చి, ఎండ ఎటు నుంచి ఉంటే అటు ఆమె పక్కన కూర్చునేవాడు. పొద్దు జరిగితే తనూ జరిగేవాడు. మధ్యాహ్నం పూట మనిషి నీడ చాలా పొట్టిగా ఉంటుంది. అందుకని వాళ్లు బాగా దగ్గరగా కూర్చుని తినేవాళ్లు.